ఉద్వేగము లేని బుద్ధి నిర్ణయము చేయగలదా? – డమాసియో గ్రంథముపై ఒక విమర్శ

మనస్తత్వశాస్త్రమును బోధించు పాఠ్యగ్రంథములలో ఫినియాస్ గేజి అను రైల్వే మేస్త్రీ కథ లేనిది అరుదు. ఆ కథను వైద్యుల పత్రికల నుండి సామాన్య పాఠకుల యిండ్లకు చేర్చిన గ్రంథములలో ముఖ్యమైనది ఆంటోనియో డమాసియో 1994లో ప్రకటించిన ‘డేకార్టు పొరపాటు’. ఆయన పోర్చుగల్ దేశమున పుట్టిన నాడీవైద్యుడు. ఈ గ్రంథము వ్రాయునాటికి అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయములో ఆచార్యుడుగా నుండెను. ముప్పది యేండ్లు గడచినను ఈ పుస్తకము చదువబడుచునే యున్నది. మన ఉపాధ్యాయులు తరగతిలో చెప్పు మాటలలో కూడ దీని ప్రతిధ్వని తరచుగా వినబడును. కావున దీనిలో నిలిచినదేది, నిలువనిదేది అని ఒకసారి తూచి చూచుట అవసరము.

గ్రంథకర్త వాదము సులభముగా చెప్పదగినదే. ఏదైన నిర్ణయము చేయవలసి వచ్చినపుడు, కోపతాపములను ప్రక్కకు నెట్టి చల్లని తలతో ఆలోచింపుమని పెద్దలు చెప్పుదురు. ఉద్వేగము బుద్ధికి శత్రువని ఈ సలహాలోని భావము. డమాసియో దీనిని తలక్రిందులు చేసెను. ఉద్వేగమును పూర్తిగా తొలగించినచో తల చల్లబడును గాని, దానితోపాటు నిర్ణయించు శక్తి కూడ చల్లబడునని ఆయన మతము. పూర్వము మనకు కలిగిన మేలు, కీడు శరీరములో గుర్తులను విడుచును. అట్టి సందర్భము మరల తటస్థించినపుడు గుండె కొట్టుకొనుట, కడుపులో బిగువు, చర్మమున చెమ్మ వంటి దేహసంకేతములు ఆ గుర్తులను మేల్కొల్పి, ఎదుటనున్న పది మార్గములలో ఏడెనిమిదింటిని క్షణములో త్రోసివేయును. మిగిలిన రెండు మూడింటిని మాత్రమే బుద్ధి లెక్కవేయును.

ఈ వాదము మొత్తముమీద సరియైనదనియే నా అభిప్రాయము. కాని దానిని నిలబెట్టుటకు గ్రంథకర్త ఎన్నుకొన్న మొదటి స్తంభము మాత్రము గట్టిది కాదు. ఆ స్తంభమే గేజి కథ.

1848 సెప్టెంబరు 13వ తేదీన, అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రమున కావెండిష్ అను గ్రామము వద్ద రైలుదారి కొరకు బండలు పేల్చుచుండిరి. కూలీలకు మేస్త్రీ యైన గేజి వయస్సు 25 ఏండ్లు. రాతిలో తొలిచిన రంధ్రమున మందు పోసి, దానిని ఇనుప కడ్డీతో కూరుచుండగా నిప్పురవ్వ పుట్టి మందు ప్రేలెను. ఆ కడ్డీ పొడవు 3 అడుగుల 7 అంగుళములు, లావు అంగుళమున్నర్రకు కొంచెము తక్కువ, బరువు సుమారు 6 కిలోగ్రాములు. మన గునపమువలె ఒక కొన మొనదేలియుండెను. అది ఎడమ చెంప ఎముక క్రింద దూరి, ఎడమ కంటి వెనుకగా పోయి, నడినెత్తిని చీల్చుకొని వెలువడెను. గేజి చావలేదు. ఎద్దుల బండిలో కూర్చుండి తాను బసచేయు సత్రమునకు వచ్చి, వైద్యునితో మాటలాడెను. జాన్ హార్లో అను యువ వైద్యుడు అతనికి చికిత్స చేసెను.

ఇంతవరకు సందేహము లేదు. అటుపైని కథ ఇట్లు చెప్పబడుచున్నది: ప్రమాదమునకు ముందు గేజి నెమ్మదియైనవాడు, పనిమంతుడు, బాధ్యత నెరిగినవాడు, ప్రమాదము తరువాత నోటికి హద్దులేనివాడు, మొండివాడు, ఏ సంకల్పమునందును నిలువనివాడు, మిత్రులే అతనిని గుర్తింపజాలకపోయిరి, జీవితాంతము దిక్కులేక తిరిగెను. నుదుటి వెనుకనుండు మెదడు భాగము దెబ్బతినుటచే ఉద్వేగము బుద్ధికి అందకుండ పోయినదనియు, అతని పతనమునకు అదియే కారణమనియు డమాసియో వివరించెను.

ఈ చిత్రము ఏయే పత్రములనుండి వచ్చినదో చూడవలెను. హార్లో 1848లోనే ఒక నివేదిక ప్రకటించెను. అందులో ముఖ్యముగా నున్నది గాయము, దాని మాన్పు. 1850లో హార్వర్డు వైద్యాచార్యుడు హెన్రీ బిగెలో తాను గేజిని స్వయముగా పరీక్షించితిననియు, అతని దేహమును మనస్సును చక్కగా కోలుకొన్నవనియు వ్రాసెను. స్వభావము మారినదను ప్రసిద్ధ వర్ణన హార్లో 1868లో ప్రకటించిన రెండవ నివేదికలోనిది. అప్పటికి ప్రమాదము జరిగి ఇరువది యేండ్లు, గేజి చనిపోయి ఎనిమిదేండ్లు. ఆ వర్ణన కూడ కొద్ది వాక్యములే. హార్లో అబద్ధమాడెనని నేననుట లేదు. రోగి బ్రతికియుండగా అతని గుణదోషములను బయటపెట్టుటకు వైద్యుడు సంకోచించి యుండవచ్చును. బిగెలో చూచినది కొద్ది వారములు మాత్రమే, అతనికి మార్పు కనబడకపోయి యుండవచ్చును. అయినను రెండు సాక్ష్యములు పరస్పర విరుద్ధముగా నున్నపుడు, ఒకదానినే పట్టుకొని రెండవదానిని తేలికగా త్రోసివేయుట శాస్త్రపద్ధతి కాదు.

అంతకంటె ముఖ్యమైనది గేజి అనంతర జీవితము. అతడు న్యూహాంప్‌షైర్‌లో ఒక గుర్రపుశాలలో ఏడాదిన్నర పనిచేసెను. 1852లో దక్షిణ అమెరికాలోని చిలీ దేశమునకు పోయి, వాల్పరైసో, సాంటియాగో నగరముల మధ్య ప్రయాణికుల బండి తోలు వృత్తిలో దాదాపు 7 సంవత్సరములు గడపెను. ఆరు గుర్రములు కట్టిన బండి! ఒక్కొక్క గుర్రపు కళ్ళెమును వేరువేరుగా చేతివేళ్ళతో నడపవలెను. తెల్లవారకముందే లేచి సిద్ధము కావలెను, పరభాషవారైన ప్రయాణికులను ఓర్పుతో సంబాళించవలెను, కొండదారిలో క్షణక్షణమునకు నిర్ణయము చేయవలెను. ఆ దేశములో అతనిని ఎరిగిన ఒక వైద్యుడు అతని మానసిక శక్తులలో లోపమేదియు కానరాలేదని చెప్పినట్లు తరువాతి పరిశోధకులు వెలికితీసిరి. ఆరోగ్యము చెడి 1859లో అతడు శాన్ ఫ్రాన్సిస్కోలోనున్న తల్లిని చేరెను. మూర్ఛలు వచ్చి 1860 మే నెలలో మరణించెను. ఈ పత్రములన్నిటిని వెదకి కూర్చిన పుణ్యము ఆస్ట్రేలియా మనస్తత్వవేత్త మాల్కం మాక్‌మిలన్‌ది. ఆయన గ్రంథము 2000లో వచ్చినది. డమాసియో 1994లో వ్రాయునపుడు అది లేదు, నిజమే. కాని హార్లో 1868 నివేదికలోనే చిలీ ప్రస్తావన, ఆరు గుర్రముల బండి ప్రస్తావన యున్నవి. వానిని గ్రంథకర్త త్వరగా దాటిపోయెను.

మెదడులో దెబ్బతగిలిన చోటును గూర్చియు ఇట్టి చిక్కే కలదు. గేజి చనిపోయినపుడు మెదడును పరీక్షించినవారు లేరు. 1867లో వెలికితీసిన పుర్రె మాత్రము హార్వర్డు వైద్య ప్రదర్శనశాలలో ఆ కడ్డీతోపాటు భద్రపరుపబడినది. 1994లో హన్నా డమాసియో, ఆమె సహచరులు ఆ పుర్రె కొలతలనుబట్టి కడ్డీ మార్గమును గణించి, మెదడు ముందుభాగము కుడియెడమల రెండింటను చెడినదని తేల్చిరి. 2004లో వేరొక బృందమువారు పుర్రెనే కంప్యూటరు ఎక్స్‌రే యంత్రములో నుంచి చిత్రములు తీసి, దెబ్బ ఎడమవైపుననే పరిమితమైనదనిరి. 2012లో మరియొక బృందము కూడ ఎడమవైపే యని నిర్ధారించి, నష్టము మెదడు పైపొరలో నూటికి 4 వంతులు, లోపలి తెల్లని నాడీతంతువులలో నూటికి 11 వంతులు ఉండునని అంచనా వేసెను.

ఒక చనిపోయిన విదేశీయుని గూర్చి ఇంత తర్కమెందులకని విద్యార్థి అడుగవచ్చును. మన రోడ్లమీద మోటారుసైకిళ్ళనుండి పడి తలకు దెబ్బ తగిలించుకొన్నవారు ప్రతి పట్టణములోను ఉన్నారు. ఆసుపత్రినుండి యింటికి వచ్చిన కుమారునికి చీటికిమాటికి కోపము వచ్చుచున్నది, చేపట్టిన పని పూర్తి చేయలేకున్నాడు. ఆ తల్లిదండ్రులకు పాఠశాలలో చదువుకొన్న చిన్నకుమారుడు గేజి కథను చెప్పినాడనుకొందము. దానినుండి వారు గ్రహించునదేమి? మెదడు ముందుభాగము చెడినవాడు ఇక బాగుపడడని. పత్రములు చెప్పు గేజి అట్లు కాదు. కొన్నేండ్లకు ఒక క్రమమైన పనిలో కుదురుకొని, ప్రతిదినము అదేవేళకు అదేదారిని బండి తోలుచు, మరల సమాజములో నిలద్రొక్కుకొన్నవానివలె కనబడుచున్నాడు. కట్టుదిట్టమైన దినచర్యయే అతనిని కుదుటపరచి యుండునని మాక్‌మిలన్ ఊహ. ఊహయే యైనను, పాఠ్యపుస్తకముల కథకంటె దీనికి ఆధారము ఎక్కువ.

గ్రంథములోని రెండవ స్తంభము గట్టిది. డమాసియో స్వయముగా పరీక్షించిన రోగి యతడు. గ్రంథములో అతనిని ఎలియట్ అను మారుపేరుతో పిలిచినాడు. ముప్పది యేండ్లు దాటిన వయస్సులో మెదడు పైపొరలనుండి గడ్డ పెరిగినందున శస్త్రచికిత్స చేసి, గడ్డతోపాటు చెడిన ముందుభాగమును కొంత తీసివేసిరి. తరువాత పరీక్షించిన తెలివితేటల అంకెలు సామాన్యులకంటె మెరుగుగానే యున్నవి. జ్ఞాపకము, భాష, లెక్కలు అన్నియు సరిగానే యున్నవి. అయినను ఉద్యోగము పోయెను, మోసగానితో కలిసి వ్యాపారముచేసి దివాలా తీసెను, సంసారము చెడెను. కాగితములను వర్గీకరింపుమన్నచో, తేదీనిబట్టియా, పరిమాణమునుబట్టియా, విషయమునుబట్టియా అని మధ్యాహ్నమంతయు ఆలోచించుచు కూర్చుండువాడు. తన కష్టములను తానే చెప్పుచున్నపుడు గొంతులో దుఃఖము లేదు. భయంకరమైన చిత్రములను చూపినచో, ఇవి పూర్వము తనను కలతపెట్టెడివనియు ఇప్పుడు కలతపెట్టుట లేదనియు అతడే చెప్పెను. ఒక చిక్కు సమస్యకు ఎన్ని పరిష్కారములున్నవో వరుసగా చెప్పగలడు. వానిలో దేనిని చేయవలెనో మాత్రము తెలియదు. ఈ ప్రకరణము గ్రంథమునకు ప్రాణము. ఉపాధ్యాయులు ఏమి చదివినను చదువకున్నను దీనిని చదువవలెను.

దీనిని ప్రయోగముగా మార్చినది అంటోయిన్ బెషారా. నాలుగు కట్టల ముక్కలుండును. మొదటి రెండు కట్టలలో ముక్క తీసిన ప్రతిసారి 100 డాలర్ల ఆటసొమ్ము వచ్చును. అప్పుడప్పుడు పెద్ద జరిమానా తగులును. పది ముక్కలకు మొత్తము రాబడి 1000, జరిమానా 1250. మిగిలిన రెండు కట్టలలో ముక్కకు 50 మాత్రమే. పదింటికి రాబడి 500, జరిమానా 250. ఆటగాడు 100 ముక్కలు తీయును. ఈ లెక్క అతనికి చెప్పరు. ఆరోగ్యవంతులు కొంతసేపటికి పెద్దరాబడి కట్టలను విడిచి చిన్నరాబడి కట్టలకు మరలుదురు. ఎలియట్ వంటివారు చివరివరకు పెద్దరాబడి వెంటనే పరుగిడుదురు. 1997లో ప్రకటించిన ప్రయోగములో వ్రేళ్ళకు విద్యుత్తీగలు కట్టి చర్మపు చెమ్మను కొలిచిరి. ఆరోగ్యవంతులు చెడ్డ కట్టవైపు చేయి చాచుటకు ముందే, ఏ కట్ట చెడ్డదో నోటితో చెప్పలేని దశలోనే, చర్మములో మార్పు కనబడెను. రోగులలో ఆ మార్పు లేదు.

చదువుటకు ఇది అద్భుతముగా నున్నది. కాని 2004లో మాయా, మెక్‌క్లెలండ్ అను ఇద్దరు ఈ ఆటనే ఆడించి, ప్రశ్నలను మరింత నిశితముగా అడిగిరి. ఆటగాళ్ళు మంచి కట్టలను ఎన్నుకొను దశకే వానిని గూర్చి చాలవరకు స్పృహతోనే ఎరిగియున్నారని తేలెను. శరీరమునకు ముందు తెలిసి, మనస్సునకు తరువాత తెలిసినదను మాట అంతటితో బలహీనపడినది. 2005లో ఫెలోస్, ఫరా అనువారు ముక్కల వరుసను మార్చి, చెడ్డ కట్టలలోని నష్టము మొదటనే బయటపడునట్లు చేసిరి. అప్పుడు ఆ భాగము దెబ్బతిన్న రోగులు కూడ ఇతరులవలెనే ఆడిరి! అనగా మామూలు ఆటలో వారి కష్టము, మొదట లాభముతో నేర్చిన అభిప్రాయమును తరువాత మార్చుకొనలేకపోవుటలో నున్నదేమో. ఇది ఉద్వేగమునకు మాత్రమే చెందిన లోపము కాదు. నేర్చినదానిని దిద్దుకొను శక్తికి, అనగా జ్ఞాపకమునకు చెందినది.

జ్ఞాపకమును గూర్చి గ్రంథములో చక్కని మాటలే యున్నవి. అది పెట్టెలో దాచిన ఛాయాచిత్రము కాదనియు, తలచిన ప్రతిసారి మెదడు దానిని మరల కట్టుకొనుననియు డమాసియో స్పష్టముగా చెప్పెను. తన సూత్రమును తన వాదమునకే వర్తింపజేయకపోవుట ఆయన చేసిన లోపము. దేహసంకేతములు గతానుభవములనుండి పుట్టునన్నచో, ఆ గతానుభవము మనలో ఏ రూపమున మిగిలినది? 1993లో కానెమన్, ఆయన సహచరులు చేసిన చన్నీటి ప్రయోగమును చూడుడు. ఒకసారి 60 సెకండ్లు 14 డిగ్రీల నీటిలో చేయి ముంచవలెను. వేరొకసారి అదే 60 సెకండ్లు ముంచి, తీయకుండ మరి 30 సెకండ్లు ఉంచవలెను; ఆ చివరి 30 సెకండ్లలో నీరు మెల్లగా 15 డిగ్రీలకు వేడెక్కును. మూడవసారి ఏది కావలెనని అడుగగా 32 మందిలో 22 మంది ఎక్కువసేపు బాధపెట్టిన రెండవదానినే కోరిరి! చివర కొంచెము తెరిపి కలిగినందున జ్ఞాపకములో బాధ తగ్గినది. నిర్ణయము చేసినది ఆ జ్ఞాపకమే. అయోవా ఆటలోని దేహసంకేతము విశ్వసనీయుడైన దూతవలె వర్ణింపబడినది. చన్నీటి ప్రయోగములో ఆ దూతయే తప్పుడు వార్త తెచ్చినాడు. ఈ రెండవ పక్షమునకు గ్రంథములో తగినంత చోటు లేదు.

ఇక భాష. ఇక్కడనే ఈ గ్రంథము మిక్కిలి పలుచగా నున్నది. 1974లో లోఫ్టస్, పామర్ అను పరిశోధకులు కార్లు గుద్దుకొను చిత్రమును విద్యార్థులకు చూపి వేగమెంతయని ప్రశ్నించిరి. ప్రశ్నలో ‘తగిలినపుడు’ అన్నచో ఒక వేగము, ‘నుజ్జగునట్లు గుద్దుకొన్నపుడు’ అన్నచో అంతకంటె హెచ్చు వేగము చెప్పిరి. ఇట్టిదే వేరొక చిత్రమును చూపి, వారము తరువాత పగిలిన అద్దము చూచితిరా యని అడిగిరి. ఆ చిత్రములో అద్దము పగులనే లేదు. ‘నుజ్జగునట్లు’ అను మాట విన్న 50 మందిలో 16 మంది చూచితిమనిరి. ‘కొట్టుకొన్నపుడు’ అని విన్న 50 మందిలో 7గురు మాత్రమే. ఒక్క క్రియాపదము వారి జ్ఞాపకమున లేని గాజుముక్కలను చల్లినది.

నిర్ణయము మాటలకు ఎట్లు లొంగునో 1981లో ట్వెర్స్కీ, కానెమన్ చూపిరి. ఒక వ్యాధి 600 మందిని చంపనున్నది. మొదటి పథకముచే 200 మంది బ్రతుకుదురు. రెండవదానిచే అందరును బ్రతుకుటకు మూడింట ఒక వంతు, ఎవ్వరును బ్రతుకకుండుటకు మూడింట రెండు వంతులు అవకాశము. నూటికి 72 మంది మొదటిదానిని కోరిరి. వేరొక గుంపునకు అవే పథకములను, మొదటిదానిచే 400 మంది చత్తురని మార్చి చెప్పగా 22 మందియే దానిని కోరిరి. లెక్క మారలేదు, మాట మారినది. మన పాఠశాలలలో కూడ ‘నూటికి 65 వచ్చినవి’ అని చెప్పిన ఉపాధ్యాయునికి, ‘35 పోయినవి’ అని చెప్పిన ఉపాధ్యాయునికి పిల్లలు వేరువేరుగా స్పందింతురని ఎవరికి తెలియదు? 2006లో లండనులో 20 మందికి 50 పౌనులు చూపి, ‘20 ఉంచుకొనుడు’, ‘30 పోగొట్టుకొనుడు’ అను రెండు మాటలతో ఒకే పందెమును అడుగుచు మెదడును చిత్రించిరి. మాట లాగినవైపునకు మొగ్గినపుడు భయాదులకు సంబంధించిన అమిగ్డలా అను భాగము చురుకుగా నుండెను. మాటకు తక్కువగా లొంగినవారిలో కంటిగుంటల పైనుండు ముందుభాగము ఎక్కువ చురుకుగా నుండెను. ఎలియట్‌లో చెడిన ప్రదేశము సరిగా దాని చుట్టుప్రక్కలదే. డమాసియో గ్రంథములో భాషాప్రకరణము ఒకటి ఉండవలసిన చోటు ఇదియే.

తెలుగు పాఠకులకు మరింత ఆసక్తి కలిగించునది 2012లో బోవాజ్ కెయ్‌సర్ బృందము చేసిన పని. పై వ్యాధి ప్రశ్నను మాతృభాషలో కాక, నేర్చుకొన్న పరభాషలో అడుగగా మాటల మార్పు వలన కలుగు తేడా మాయమైనది. పరభాషలోని మాట మాతృభాషలోని మాటవలె గుండెను తాకదని, అందుచే లెక్క నెమ్మదిగా సాగునని వారి వివరణ. దీనినిబట్టి ఇంగ్లీషులో ఆలోచించుట మేలని తొందరపడువారు ఉందురు. ఆ తొందర తగదు. ఉద్వేగము తగ్గుటయే మేలైనచో ఎలియట్ అందరికంటె గొప్ప నిర్ణేత కావలసియుండెను. బిడ్డ యే చదువు చదువవలెను, ముసలితండ్రికి ఏ చికిత్స చేయింపవలెను అను నిర్ణయములలో మాతృభాష తెచ్చు కంపము కొన్నిసార్లు దారి తప్పించును, కొన్నిసార్లు దారి చూపును. ఏ సందర్భమున ఏది యని తేల్చునంత పరిశోధన ఇంకను జరుగలేదు.

గ్రంథనామమును గూర్చి ఒక్క మాట. మనస్సును దేహమునుండి వేరుచేసిన తప్పు ఫ్రెంచి తత్త్వవేత్త డేకార్టుదని డమాసియో ఆరోపణ. అది కొంతవరకు నిజము. కాని ఆ డేకార్టే 1649లో ఉద్వేగములపై ప్రత్యేకముగా ఒక గ్రంథము వ్రాసి, అవి స్వభావముచే మంచివేయనియు, మితిమీరుటయే దోషమనియు చెప్పినాడు. శీర్షిక ఆకర్షణీయమైనదే గాని న్యాయమైనది కాదు.

పుస్తకము చదివిన ఉపాధ్యాయులు కట్టల ఆటను తరగతిలో ఆడింపవచ్చును. పేకముక్కలను పాఠశాలకు తెచ్చుట ప్రధానోపాధ్యాయునికి రుచింపదేమో. రంగు అట్టముక్కలు చాలును. పైని చెప్పిన లాభనష్టముల లెక్కను ముక్కల వెనుక వ్రాసి, నాలుగు కట్టలుగా పేర్చవలెను. తరగతిలో సగము మందికి నష్టము ఆలస్యముగా వచ్చు వరుస, తక్కిన సగమునకు మొదటనే నష్టము వచ్చు వరుస ఇయ్యవలెను. ప్రతి ఇరువది ముక్కలకు ఒకసారి ఆపి, ఏ కట్ట మంచిదో, ఎందుకట్లు తోచినదో కాగితముమీద వ్రాయింపవలెను. వ్రాసినదానిని, తరువాతి ఇరువది ముక్కలలో చేయి ఏ కట్టమీదికి పోయినదో దానిని, ప్రక్కప్రక్కన పట్టికగా వేసినచో, మాయా, మెక్‌క్లెలండ్ల ఆక్షేపణ ఎంతవరకు సరియైనదో పిల్లలే లెక్కించి చెప్పగలరు.